రిజిస్ట్రేషన్ అయితే సరిపోదు: స్థలం, ఇల్లు కొనుగోలులో బయానా నుంచి మ్యుటేషన్ దాకా

మా ఇంట్లో మొదటిసారి స్థలం కొన్నప్పుడు, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగుతూనే నాన్న నన్ను స్వీటు షాపుకు పంపించారు. నాలుగు నెలల తర్వాత ఖాళీ స్థలం పన్ను మా పేరు మీదికి మార్చమని మున్సిపాలిటీకి వెళితే, ఆ ప్లాటుకు ఇదివరకే వేరేవాళ్ళ పేరున అసెస్‌మెంట్ ఉందన్నారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. మాకు అమ్మినాయన తమ్ముడు పన్నెండేళ్ళ కిందటే అందులో సగం ఇంకొకరికి అమ్మేశాడు. మేం ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా, తీయకపోలేదు. సర్వే నంబరు 112 మీద తీశాం, ఆ పాత దస్తావేజు 112/బి మీద ఉంది. పెద్దమనుషుల్లో కూర్చుని, సగం డబ్బు వెనక్కి రాబట్టుకునేసరికి రెండేళ్ళు పట్టింది.

ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ తప్పు చేయలేదు. అక్కడ జరిగే పని ఏమిటో మాకే తెలియదు. మన దేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ఫలానా ఆయన ఫలానా వారికి ఈ ఆస్తి అమ్మినట్టు రాసి ఇచ్చాడు, సంతకం తనదేనని ఒప్పుకున్నాడు, స్టాంపు డ్యూటీ కట్టారు. అంతవరకే ప్రభుత్వం సాక్ష్యం. అమ్మినాయనకు అసలు అమ్మే హక్కు ఉందా అన్నది తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు లేదని తమిళనాడు కేసొకదానిలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. హక్కుకే ప్రభుత్వం పూచీ ఇచ్చే పద్ధతి తెస్తామంటూ ఆంధ్రప్రదేశ్ చేసిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం ఎంత గొడవైందో, 2024లో ఎలా రద్దయిందో అందరికీ గుర్తే. కాబట్టి హక్కు ఉందో లేదో చూసుకునే బరువంతా కొనేవాడి నెత్తినే ఉంది. ఆ బరువు ఎప్పుడు, ఎలా మోయాలన్నదే ఇక్కడ చెప్పబోయేది. రెండు తెలుగు రాష్ట్రాల్లో పద్ధతి చాలావరకు ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

మొదట: అమ్మేదెవరు?

స్థలం చూడగానే ధర అడుగుతాం. దానికంటే ముందు అడగాల్సింది, ఈ ఆస్తి మీకెలా వచ్చింది అని. జవాబును బట్టి అడగాల్సిన కాగితాలు మారతాయి.

సొంతంగా కొన్నదైతే పని సులువు. ఆయన కొన్న దస్తావేజు, దాని వెనుక దస్తావేజులు చూస్తే చాలు. తండ్రి నుంచి వచ్చిందంటేనే జాగ్రత్త పడాలి. తండ్రి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బతికి ఉంటే ఆయన తల్లికి సమాన వాటాలు. హిందూ కుటుంబాల మాట ఇది. పిత్రార్జితమైతే ఇంకో చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం చేసిన సవరణ కూతుళ్ళందరికీ ఆ హక్కు ఇచ్చింది. "ఆడపడుచులకు పెళ్ళిళ్ళప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశామండీ, వాళ్ళేమీ అనరు" అనే మాట ఊళ్ళలో ఇప్పటికీ వింటాం. వాళ్ళు ఏమీ అనకపోవచ్చు, పదేళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు అంటారు. అందుకే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడగండి. అందులో పేరున్న ప్రతి ఒక్కరూ అమ్మకందారుగా సంతకం చేయాలి, లేదా ముందే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి ఉండాలి. అక్కగారు వచ్చి సాక్షి సంతకం పెట్టి వెళ్ళారంటే ఆమె వాటా వదులుకున్నట్టు కాదు. సాక్షి సంతకం వేరు, అమ్మకందారు సంతకం వేరు.

వాటాదారుల్లో మైనర్ ఉంటే, వాడి వాటా అమ్మడానికి తల్లిదండ్రులకైనా కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా అమ్మితే, పిల్లవాడు 18 నిండాక మూడేళ్ళలోపు ఆ అమ్మకాన్ని సవాలు చేయవచ్చు. కొన్నవాళ్ళు అప్పటికి ఇల్లు కట్టుకుని గృహప్రవేశం కూడా చేసేసి ఉంటారు.

ఇక జీపీఏ, అంటే యజమాని తన తరఫున పని చేయమని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం. అసలు యజమాని ఎక్కడో ఉన్నాడు, ఆయన తరఫున వేరొకరు అమ్ముతున్నారు. తప్పేమీ కాదు. కానీ జీపీఏ ఇచ్చినాయన బతికే ఉన్నాడా, దాన్ని రద్దు చేశాడా అన్నది ఆయన నోటి నుంచే వినాలి. వీడియో కాల్ చేయమనండి. మామూలు జీపీఏ ఇచ్చినవారి మరణంతోనే చెల్లకుండా పోతుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవారు ఇచ్చే జీపీఏ అక్కడి నోటరీ ముందు గానీ, భారత కాన్సులేట్‌లో గానీ రాసి ధ్రువీకరించాలి. మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించాలి. అది చేయించారో లేదో చూడండి. ఇక "జీపీఏ మీదే కొనుక్కోండి, రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే దండం పెట్టి రండి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి రాసుకున్నంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

లింక్ డాక్యుమెంట్లు: గొలుసు తెగకూడదు

అమ్మేవారి చేతిలో ఉన్న దస్తావేజు గొలుసులో చివరి లంకె మాత్రమే. ఆయనకు అమ్మినవాడికి ఎలా వచ్చింది, వాడికి ముందువాడికి ఎలా వచ్చింది అని వెనక్కి వెళ్ళాలి. బ్యాంకు లాయర్లు సాధారణంగా 30 ఏళ్ళు వెనక్కి చూస్తారు. సొంత డబ్బుతో కొంటున్నా అంతే చూడండి.

ప్రతి దస్తావేజులో నాలుగు సంగతులు పక్కపక్కన పెట్టుకుని పోల్చాలి: సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, లింకు దస్తావేజు నంబరు. నేనైతే తెల్లకాగితం మీద పట్టీ గీసుకుంటాను. 1998 దస్తావేజులో 240 గజాలుండి 2009 నాటి దానిలో 267 గజాలైందంటే ఆ 27 గజాలు ఎక్కడి నుంచి వచ్చాయో అడగాలి. భూమి పెరగదు కదా. తూర్పున "ఇతరుల భూమి" అని ఉన్నది తర్వాత దస్తావేజులో "30 అడుగుల రోడ్డు" అయితే ఆ రోడ్డు ఏ లేఅవుట్‌లోదో చూపించమనాలి. కొలతల విషయంలో ఊరి లెక్క కూడా తెలిసుండాలి. ఎకరం అంటే 4,840 గజాలు. తెలంగాణలో అది 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రాలో 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. అంకణం కొలత మాత్రం ఊరిని బట్టి మారుతుంది. చదరపు అడుగుల్లోకి మార్చి రాయించుకుంటే గొడవ ఉండదు.

అమ్మేవారు ఇచ్చిన జిరాక్సులతో ఆగిపోకండి. ప్రతి దస్తావేజుకూ నంబరు, సంవత్సరం ఉంటాయి. వాటితో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీరే సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అమ్మేవారి ఒరిజినల్‌తో పేజీ పేజీ పోల్చండి. ఒరిజినల్ చూపించమంటే "ఎక్కడో పోయిందండీ" అన్నారనుకోండి, అది నిజంగా పోయిందా, ఎవరి దగ్గరైనా తాకట్టులో ఉందా అన్నది అనుమానించాల్సిన సంగతే. పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన చూపించమనండి. లోను ఉండి అది తీర్చేసినవారైతే ఒరిజినల్స్ ఇంకా రాలేదనడానికి పెద్దగా వీల్లేదు. అప్పు తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

వ్యవసాయ భూమి, లేదా ఇటీవలి దాకా వ్యవసాయంగా ఉన్న భూమి అయితే రెవెన్యూ రికార్డు కూడా చూడాలి. ఆంధ్రాలో మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుల రికార్డు). రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు బదులు ఎల్పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు కనిపిస్తుంది, రెండూ రాసి పెట్టుకోండి. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలోకి 2025లో భూభారతి వచ్చింది. అక్కడ వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే జరుగుతుంది. పాత లావాదేవీలు తవ్వాలంటే 1954-55 నాటి పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీ దాకా వెళ్ళక తప్పదు. సాదాబైనామా మీద కొన్నామని, అంటే తెల్లకాగితం మీద రాసుకున్నామని చెబితే, అది క్రమబద్ధం అయిందో లేదో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

ఈసీ చెప్పేది, చెప్పనిది

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల చిట్టా. 1983 నుంచి ఉన్నవి రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో చేత్తో రాసిన పుస్తకాల్లో వెతికించాలి.

మేం చేసిన తప్పు మీరు చేయకండి. సర్వే నంబరు మీద ఒకసారి, 112/బి లాంటి బై నంబర్లన్నిటి మీద ఒకసారి, ప్లాటు నంబరు మీద ఇంకోసారి, ఇంటి నంబరు ఉంటే దాని మీద మరోసారి వెతకండి. ఇంటి నంబరు మారి ఉంటే పాత నంబరుతో కూడా. ఊరు ఒక సబ్ రిజిస్ట్రార్ పరిధి నుంచి మరోదానికి మారి ఉంటే పాత ఆఫీసు పేరున కూడా.

ఇన్ని చేసినా ఈసీలో కనబడనివి ఉంటాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పుస్తకాలు వేరువేరుగా ఉంటాయి. అమ్మకాలు, దానాలు, తనఖాలు, పంపకాలు ఒకటో పుస్తకంలోకి వెళతాయి. ఈసీ దాని నుంచే వస్తుంది. వీలునామా రిజిస్టర్ చేయించినా అది మూడో పుస్తకంలోకి పోతుంది. మామూలు జీపీఏలు నాలుగో పుస్తకం. అంటే తండ్రి చిన్నకొడుక్కి రాసిన వీలునామా ఉన్నా, పెద్దకొడుకు మీకు చూపించే ఈసీ శుభ్రంగానే ఉంటుంది. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, నోటిమాట పంపకం, పన్ను బకాయి కూడా అందులో రావు. కోర్టు కేసు కూడా సాధారణంగా కనబడదు. కేసు నడుస్తుండగా కొంటే, ఆ కేసు తీర్పు కొన్నవారికీ వర్తిస్తుంది. అందుకని ఈకోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో, వాళ్ళ నాన్నగారి పేరుతో జిల్లా కోర్టుల్లో వెతకండి. తెలుగు పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగు రకాలుంటుంది, నాలుగూ ప్రయత్నించండి. పెద్ద మొత్తమైతే స్థానిక దినపత్రికలో లాయరు చేత నోటీసు వేయించడం మంచిది. దానికయ్యే ఖర్చు మొత్తం ధరలో ఏ మూలకూ రాదు.

నిషేధిత జాబితా, ఆపై నేల

22ఏ అనే మాట వినే ఉంటారు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా అది: ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, పట్టణ భూపరిమితి కింద మిగులుగా తేలినవి, కోర్టు లేదా ప్రభుత్వం జప్తు చేసినవి. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలోనూ సర్వే నంబరు కొట్టి చూడొచ్చు. ఒక్కోసారి సర్వే నంబరులో రెండెకరాలు మాత్రమే అసైన్డ్ అయినా నంబరు మొత్తం జాబితాలో ఉంటుంది. అలాంటప్పుడు "అదేం కాదండీ, క్లియర్ చేయించేస్తాం" అంటారు. క్లియర్ అయ్యాకే బయానా అని చెప్పండి. ఏజెన్సీ ప్రాంతంలోనైతే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు చేసే బదిలీ చెల్లదు. ఆ ప్రాంతంలో ప్లాటు చౌకగా వస్తోందంటే కారణం అదే.

కాగితాలు బాగున్నాయనుకున్నాక సర్వేయరును తీసుకుని వెళ్ళి కొలిపించండి. కొలిచేటప్పుడు నాలుగు వైపుల వాళ్ళతో మాట్లాడండి. పక్కింటాయనతో తాగే టీ వల్ల తెలిసేది ఏ ఈసీలోనూ రాదు. వానాకాలంలో ఒకసారి చూడటం ఇంకా మంచిది. చెరువు శిఖం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు), వాననీటి నాలా ఎక్కడి దాకా ఉన్నాయో నీళ్ళే చూపిస్తాయి.

లేఅవుట్ ప్లాటైతే డీటీసీపీ, హెచ్ఎండీఏ, సీఆర్డీఏ లాంటి సంస్థ ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి. సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న నక్షా ఎంత రంగురంగులుగా ఉన్నా అది అనుమతి కాదు. ఫ్లాట్ అయితే మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. ప్లానులో ఐదంతస్తులుంటే మీకు చూపిస్తున్నది ఆరో అంతస్తు కాకూడదు. మీ వాటాకు ఎన్ని గజాల అవిభాజ్య భూమి రాస్తున్నారు, పార్కింగు నంబరేమిటి అన్నవి దస్తావేజులో ఉండాలి. కట్టుబడి నడుస్తున్న పెద్ద ప్రాజెక్టులైతే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద ఇచ్చిన నంబరు చూడండి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి బిల్డరు తీసుకోకూడదని ఆ చట్టం చెబుతోంది.

ఇదంతా లాయరు చూస్తాడు కదా అనొచ్చు. చూడాలి, లీగల్ ఒపీనియన్ రాయించుకోవాలి కూడా. కానీ ఆ లాయరు మీరు పెట్టుకున్నవాడై ఉండాలి. అమ్మేవారి లాయరో, కమీషన్ కోసం చూసే మధ్యవర్తి తెచ్చిన లాయరో కాదు. మన దగ్గర దస్తావేజు రాసే రైటరే అన్నీ చూస్తాడని చాలామంది అనుకుంటారు. రైటరు పని రాయడం.

బయానా, అగ్రిమెంటు

ఇప్పటికి గానీ డబ్బు జేబులోంచి బయటికి రాకూడదు. ముందే కొంత ఇవ్వక తప్పకపోతే చిన్న మొత్తం ఇచ్చి, కాగితాల్లో తేడా వస్తే తిరిగి ఇవ్వాలని రసీదు మీద రాయించుకోండి.

ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అమ్మకపు ఒప్పందం ఆస్తి మీద మీకు ఏ హక్కూ ఇవ్వదు. రిజిస్ట్రేషన్ చేయించమని అడిగే హక్కు ఇస్తుంది, అంతే. కాబట్టి అందులో రాసుకునేదానికి చాలా విలువుంది. మొత్తం ధర, ఇచ్చింది, ఇవ్వాల్సింది, ఏ తేదీలోగా, కొలతల్లో తక్కువొస్తే గజానికి ఎంత తగ్గించాలి, పాత పన్నులు, కరెంటు బిల్లు, అసోసియేషన్ బకాయి ఎవరు కట్టాలి, ఖాళీ చేసి ఎప్పుడు అప్పగించాలి, అద్దెకున్నవాళ్ళుంటే ఎవరు పంపాలి. హక్కులో లోపం తేలితే బయానా వడ్డీతో వెనక్కి. కొనేవారు గడువు దాటితే ఏం జరగాలో కూడా రాయాలి, లేకపోతే అమ్మేవారికి అన్యాయం. బ్యాంకు లోను రాకపోతే ఒప్పందం రద్దు అన్న మాటను మధ్యవర్తులు ఇష్టపడరు. అయినా పట్టుబట్టండి.

అమ్మేవారు మొండికేస్తే, రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయడానికి ఒప్పందంలోని తేదీ నుంచి మూడేళ్ళ గడువుంటుంది. "ఈరోజు రేపు" అంటూ నాలుగేళ్ళు తిప్పించుకుని ఆ తర్వాత లాయరు దగ్గరికి వెళ్ళినవాళ్ళున్నారు. ఇంకో సంగతి, మన రెండు రాష్ట్రాల్లో ఒప్పందంతో పాటు ఆస్తిని స్వాధీనం చేస్తే దానికి అమ్మకం దస్తావేజుకు పడినంత స్టాంపు డ్యూటీ పడుతుంది. వంద రూపాయల బాండు పేపరు మీద "స్వాధీనం చేయడమైనది" అని రాసి దాచుకుంటే, రేపు కోర్టులో దాన్ని చూపించబోయేసరికి పెనాల్టీ కట్టమంటారు.

ఖర్చు లెక్క

60 లక్షల ఇల్లనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. తెలంగాణలో 5.5, 1.5, 0.5. ఏ రాష్ట్రంలోనైనా కలిపితే 7.5 శాతం, అంటే 4.5 లక్షలు, పైన చిన్నచిన్న యూజర్ చార్జీలు. మీరు ఇచ్చే ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఇది లెక్కిస్తారు. మామూలుగా ఈ ఖర్చు కొనేవారిదే.

విలువ 50 లక్షలు గానీ అంతకుమించి గానీ ఉంటే కొనేవారే ధరలోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని, ఆ నెల ముగిసిన 30 రోజుల్లో అమ్మేవారి పాన్ నంబరు మీద కట్టాలి. మన లెక్కలో 60 వేలు. మొత్తం డబ్బు ఇచ్చేశాక ఇది గుర్తొస్తే ఆ 60 వేలు మీ జేబులోంచే పోతాయి. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే లెక్కే వేరు. 50 లక్షల పరిమితి వర్తించదు, శాతం కూడా చాలా ఎక్కువ. చార్టర్డ్ అకౌంటెంటును అడగకుండా ఆ డబ్బు పంపకండి. ఇక ప్రవాసులు కొనేవాళ్ళైతే ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలు ఒప్పుకోవు.

"కాగితం మీద 35 చూపిద్దాం, మిగతాది చేతికివ్వండి" అన్న బేరం మన దగ్గర ఎంత మామూలో చెప్పక్కర్లేదు. చట్టం సంగతి పక్కన పెట్టి లాభనష్టాలే చూద్దాం. రేపు హక్కులో తేడా వచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే మీ చేతిలో రుజువున్నది 35కే. మీరు తిరిగి అమ్మే రోజున లాభం లెక్క కూడా 35 నుంచే మొదలై పన్ను మీద పడుతుంది. ఆస్తి లావాదేవీలో 20 వేలు, అంతకుమించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి, డీడీ నంబర్లు, బదిలీ నంబర్లు దస్తావేజులో రాయించండి.

దస్తావేజు, స్లాట్ రోజు

డ్రాఫ్టు రెండ్రోజుల ముందే తెప్పించుకుని ఇంట్లో కూర్చుని చదవండి. ఆఫీసు ఆవరణలో చెట్టుకింద బల్ల దగ్గర నిలబడి చదివితే తప్పులు కనబడవు. ఆధార్‌లో ఉన్నట్టే పేర్లున్నాయా, ఇంటిపేరు స్పెల్లింగు, తండ్రి లేదా భర్త పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, గజాలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ, తూర్పు పడమరలు తారుమారయ్యాయా, లింకు నంబరు సరైనదేనా. ఒక్క అంకె తప్పినా తర్వాత సవరణ దస్తావేజు కావాలి. దానికి అమ్మినవారే మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు ముట్టిన మనిషిని మళ్ళీ ఆఫీసుకు రప్పించడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు.

వివరాలు ఆన్‌లైన్‌లో నింపి, చలానా కట్టి, స్లాట్ తీసుకున్నాక ఇరువైపులా ఒరిజినల్ ఆధార్, పాన్, ఇద్దరు సాక్షులు వాళ్ళ ఆధార్‌తో, లింకు దస్తావేజు, పన్ను రసీదు, ఆస్తి ఫొటో పట్టుకుని వెళ్ళాలి. సాక్షులుగా ఊళ్ళోనే ఉండే, రేపు కోర్టు పిలిస్తే వచ్చే మనుషుల్ని తీసుకెళ్ళండి. ఆ ఉదయం ఇంకొక్కసారి ఈసీ తీయండి. బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య రెండు నెలలు గడిచాయి కదా, ఆ మధ్యలో ఏమైనా పడిందేమో. డీడీ ఎప్పుడు చేతులు మారాలన్నది ఎప్పుడూ టెన్షనే. అమ్మేవారు సంతకం, వేలిముద్ర వేశాక, సబ్ రిజిస్ట్రార్ ముందు ఒప్పుకునేటప్పుడు ఇవ్వడం వాడుక. ఒరిజినల్ లింకు కాగితాలన్నీ అదే బల్ల మీద లెక్కపెట్టి తీసుకోండి. ఏదైనా కారణంతో ఆ రోజు పని జరగకపోతే కంగారు వద్దు. సంతకాలైన దస్తావేజును నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు సమర్పించవచ్చు.

అమ్మేవారికి నాలుగు మాటలు

కొనేవారి వైపే మాట్లాడుతున్నానని అనుకోకండి. బేరానికి పెట్టకముందే మీ ఆస్తి ఈసీ మీరే తీయండి, 22ఏ జాబితాలో పొరపాటున చేరిందేమో చూడండి. చేరి ఉంటే తీయించడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా కొనేవాడు ఆగడు. లోను ఉంటే బ్యాంకు నుంచి ఎంత కడితే తీరుతుందో రాయించుకోండి, కాగితాల జాబితా కూడా తీసుకోండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాని విడుదల కూడా రిజిస్టర్ కావాలి. చాలామంది అప్పు తీర్చి ఈ పని మర్చిపోతారు, ఇరవై ఏళ్ళ తర్వాత ఈసీలో అది బయటపడుతుంది.

పూర్తి డబ్బు ఖాతాలో పడకముందు తాళం, ఒరిజినల్స్, జీపీఏ ఏదీ ఇవ్వకండి. తెలిసిన లోపం దాచకండి. అది చెప్పాల్సిన బాధ్యత చట్టమే మీ మీద పెట్టింది. లాభం మీద పన్ను సంగతి ముందే చూసుకోండి. రెండేళ్ళకు మించి మీ దగ్గరున్న ఆస్తికి దీర్ఘకాలిక లాభం లెక్క, 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్నదైతే, ఇక్కడ నివసించేవారికి ద్రవ్యోల్బణం లెక్కగట్టి 20 శాతం పద్ధతి కూడా ఉంది, ఏది తక్కువైతే అది. గడువులోగా మరో ఇల్లు కొనడం, ఆరు నెలల్లో నిర్ణీత బాండ్లలో పెట్టడం వంటి మినహాయింపులున్నాయి. అమ్మాక ఏడాదికి ఆడిటరు దగ్గరికి వెళితే బాండ్ల అవకాశం దాటిపోయి ఉంటుంది.

ఆ తర్వాత

దస్తావేజు చేతికొచ్చాక స్కాన్ చేసి పెట్టుకోండి. వారం, పది రోజులకు ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. తర్వాత మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు. మున్సిపాలిటీలో, పంచాయతీలో రికార్డు మారాలి. కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్‌తోనే దానంతటదే జరుగుతుందంటారు, అయినా వెళ్ళి కళ్ళారా చూడండి. మేం మా సగం ప్లాటు సంగతి కనుక్కున్నది అక్కడే కదా. వ్యవసాయ భూమి అయితే 1బిలో, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మారాలి. మ్యుటేషన్ అయినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు, అది పన్ను లెక్క కోసం పెట్టే రికార్డేనని కోర్టులు పదేపదే చెప్పాయి. కానీ అది లేకపోతే రేపు ప్లాను అనుమతికీ, లోనుకూ, తిరిగి అమ్మడానికీ అడుగడుగునా ఆగాల్సి వస్తుంది. కరెంటు మీటరు, నీటి కనెక్షన్ పేర్లు కూడా అదే ఊపులో మార్పించేయండి. అమ్మినవారి సంతకం కావాల్సిన ఫారాలేమైనా ఉంటే రిజిస్ట్రేషన్ రోజే పెట్టించుకోవడం తెలివైన పని.

ఖాళీ స్థలమైతే హద్దురాళ్ళు పాతి, ఫెన్సింగ్ వేసి, మీ పేరు, దస్తావేజు నంబరుతో బోర్డు పెట్టండి. హైదరాబాదు శివార్లలోనో విశాఖ పక్కనో ప్లాటు కొని అమెరికా వెళ్ళిపోయి, పదేళ్ళకు తిరిగొచ్చి చూస్తే అక్కడ ఎవరిదో గేదెల కొట్టం ఉన్న సందర్భాలు మన వాళ్ళకు కొత్త కాదు. ఊళ్ళో ఒకరికి ఆరు నెలలకోసారి వెళ్ళి ఫొటో తీసి పంపమని చెప్పండి. పన్ను ఏటా మీ పేరునే కట్టండి, ఏడాదికోసారి ఈసీ తీయండి. అన్ని బై నంబర్ల మీదా.